గీజరు నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయా? ఎలిమెంటు మార్చే ముందు కొలవాల్సినవి

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. ఒడిశాలోని రాయగడలో మేడ మీద వాటా, అద్దె ఇల్లు. 15 లీటర్ల, 2000 వాట్ల గీజరు కొని రెండేళ్లయింది. ఇదివరకు అరగంట లోపే కాగే నీళ్లకు ఇప్పుడు గంట పడుతోంది. వారానికి రెండు మూడుసార్లు, ఎక్కువగా పొద్దున పూట, ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు కారితే లైను తెంపే స్విచ్) పడిపోతోంది. వేడినీళ్ల కుళాయి ముట్టుకుంటే ఒక్కోసారి చెయ్యి చిమచిమలాడుతోంది. గీజరు కింద వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయి. మిస్త్రీ వచ్చి చూసి 'కాయిల్ పోయింది, మార్చాలి' అన్నాడు. కాయిల్ అంటే నీళ్లను కాచే ఎలిమెంటే. మార్చాలా వద్దా?

ముందు ఆ చిమచిమ సంగతి. అది తేలేదాకా ఆ గీజరు వాడొద్దు. స్విచ్ ఆపి స్నానం చేస్తే చాలు అనుకోవద్దు. ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే పడిపోయే బోర్డు స్విచ్) దించి, టాప్ ప్లగ్గు సాకెట్లోంచి ఊడదీయండి. స్విచ్ ఒక్క వైరునే తెంపుతుంది. పాత ఇళ్లలో ఆ ఒక్క వైరు ఫేజు (కరెంటు తెచ్చే వైరు) కాకుండా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) అయి ఉండటం మామూలే. అలాంటి చోట స్విచ్ ఆపినా ఎలిమెంటుకు ఫేజు అందుతూనే ఉంటుంది. పైపులు ఇనుపవైతే కొంత కరెంటు గోడలోకి, నేలలోకి పోయేది. ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్ పైపులు. లీకైన కరెంటుకు దొరికే దారి పైపులోని నీళ్లు, ఇత్తడి కుళాయి, ఆ తర్వాత మీ చెయ్యి. ఇంట్లో పెద్దవాళ్లు అలవాటుగా స్విచ్ వేసేస్తారు కాబట్టి సాకెట్ మీద టేపు అంటించి ఉంచండి.

ఇక కాయిల్ మాట. మీరు చెప్పినవి నాలుగు లక్షణాలు. నాలుగింటికీ కారణం ఒక్కటే కావాలని లేదు. అందులో 'ఆలస్యంగా కాగడం' అనేదానికి మాత్రం ఎలిమెంటు దాదాపు ఎప్పుడూ కారణం కాదు. 15 లీటర్ల గీజర్లో ఉండేది సాధారణంగా ఒకే ఎలిమెంటు. లోపలి తీగ తెగితే అసలు కాగదు, తెగకపోతే పూర్తిగా కాగుతుంది. సగం పోయిన ఎలిమెంటు అంటూ ఉండదు. దాని మీద గార పట్టినా అది లాగే కరెంటు తగ్గదు, వేడి కాస్త ఆలస్యంగానైనా నీళ్లలోకే చేరుతుంది. కాబట్టి గంట పడుతోందంటే వెతకాల్సింది మూడు చోట్ల: వచ్చే వోల్టేజి, మధ్యలోని జాయింట్లు, వేడినీళ్లలో ఎక్కడో కలుస్తున్న చన్నీళ్లు.

వోల్టేజి లెక్క అందరికీ తెలియాలి. రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్ వైపు ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న వీధుల్లో చలికాలం పొద్దున అందరూ ఒకేసారి గీజర్లు వేస్తారు. 230 ఉండాల్సింది 180కి, 160కి పడిపోతుంది. ఎలిమెంటు ఇచ్చే వేడి వోల్టేజితో సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చే ఎలిమెంటు 200 దగ్గర 1500, 180 దగ్గర 1225, 160 దగ్గర 970 వాట్లే ఇస్తుంది. 15 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 230 వోల్టులుంటే 21 నిమిషాలు చాలు. 180 అయితే 34, 160 అయితే 43 నిమిషాలు. చలికి నీళ్లు 15 డిగ్రీలకు దిగితే దీనికి ఇంకో ఎనిమిదో వంతు కలపాలి. అంటే 160 వోల్టుల దగ్గర దాదాపు 50 నిమిషాలు. మీరు చెప్పిన గంటకు ఇది బాగా దగ్గర. గీజరులో ఏ లోపమూ లేకపోయినా ఇలా జరుగుతుంది.

తక్కువ వోల్టేజి వల్ల ఎలిమెంటు కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. కాలేవి మోటార్లు, ఫ్రిజ్ కంప్రెసర్లు. బిల్లూ పెద్దగా మారదు. 15 లీటర్లను 40 డిగ్రీలు పెంచడానికి 0.7 యూనిట్ కావాలి, అది 20 నిమిషాల్లో ఇచ్చినా 40 నిమిషాల్లో ఇచ్చినా ఒకటే. గీజరుకు స్టెబిలైజరు పెట్టమని చెప్పేవాళ్లున్నారు. నేను వద్దంటాను. 3 కేవీఏది కొనాలి, పైగా అది 170 వోల్టుల లైను నుంచి 12 ఆంపియర్లు లాగి ఆ లైనును ఇంకా కుంగదీస్తుంది. ఆ డబ్బుతో పక్కవాళ్లకూ మేలేమీ జరగదు. నలుగురు ఇళ్లవాళ్లు కలిసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి, ఏ టైములో ఎన్ని వోల్టులు ఉన్నాయో వారం రోజుల కాగితం చూపిస్తూ ఫిర్యాదు రాయించడం మేలు. దక్షిణ ఒడిశాలో 2021 జనవరి నుంచి పంపిణీ టీపీ సదరన్ ఒడిశా చేతిలో ఉంది, అవతల మహారాష్ట్రలోని చంద్రపూర్, నాందేడ్ వైపు పంపిణీ మహావితరణది. ఎక్కడైనా 'వోల్టేజి తక్కువ' అన్న మాటకంటే 'పొద్దున ఆరున్నరకు 168' అన్న అంకె పనిచేస్తుంది.

ఆ అంకె ఎలా తీయాలి? ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. దాన్ని ఏసీ 750 వోల్టుల రేంజిలో పెట్టి మూడుసార్లు చూడాలి. గీజరు ఆపి ఉన్నప్పుడు మీటర్ బోర్డు దగ్గర ఒకసారి, గీజరు వేశాక మళ్లీ అక్కడే ఒకసారి, గీజరు నడుస్తుండగా గీజరు సాకెట్ దగ్గర ఒకసారి. ఇది మిస్త్రీ చేతే చేయించండి, చిమచిమ సంగతి తేలాకే, నీళ్లు ఎవరూ ముట్టుకోకుండా. మొదటి అంకే 175 ఉంటే లోపం వీధిలో. మొదటిది 220, రెండోది 200 అయితే స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు జాయింటు లూజు, అది కరెంటు ఆఫీసు వాళ్ల పని. మీటరు దగ్గర 218, సాకెట్ దగ్గర 198 అయితే లోపం మీ ఇంటి వైరింగులో. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 20 మీటర్లు నడిచినా 3 వోల్టులకు మించి పడకూడదు. 20 వోల్టులు పడుతున్నాయంటే ఎక్కడో ఒక స్క్రూ వదులైంది, లేదా 1 చదరపు మిల్లీమీటరు వైరో పాత అల్యూమినియం వైరో మధ్యలో అతికి ఉంది.

ఈ 20 వోల్టులను తేలిగ్గా తీసుకోవద్దు. ఏడున్నర ఆంపియర్లు నడుస్తుంటే ఆ ఒక్క జాయింటులో 150 వాట్ల వేడి పుడుతుంది. ఒక వేడి బల్బును గోడలోపల పెట్టి మూసినట్టే. సాకెట్ రంధ్రాలు గోధుమరంగు తిరగడం, పావుగంట నడిచాక ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కడం, కాలిన ప్లాస్టిక్ వాసన, ఇవన్నీ దీని గుర్తులే. ఇలాంటప్పుడు సాకెట్, ప్లగ్గు రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతదాని కాలిన పిన్ను కొత్తదాన్ని నెలలో కాలుస్తుంది. 16 ఆంపియర్ల, ఐఎస్ఐ గుర్తున్న సాకెట్, గీజరుకు విడిగా 16 ఆంపియర్ల ఎంసీబీ, బోర్డు నుంచి ఎక్కడా అతుకు లేని 2.5 వైరు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకూ, 6 ఆంపియర్ల సాకెట్‌కు అడాప్టర్ పెట్టి తగిలించడానికీ గీజరు పనికిరాదు.

మల్టీమీటరు లేనివాళ్లకు, కుళాయిలో చిమచిమ లేనప్పుడు, ఇంకో దారి ఉంది. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎర్ర దీపం మిణుకుతుంటుంది. పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. ఇంట్లో మిగతావన్నీ ఆపి గీజరు ఒక్కటే వేసి, ఒక నిమిషంలో ఎన్నిసార్లు మిణుకుతుందో లెక్కపెట్టండి. దాన్ని 60,000తో హెచ్చించి, మీటరు మీది అంకెతో భాగిస్తే వాట్లు వస్తాయి. 3200 మీటరు మీద 107 మిణుకులు వస్తే 2000 వాట్లు, గీజరు నిక్షేపంలా ఉంది. 65 వస్తే 1220 వాట్లు, వోల్టేజి తక్కువ. గీజరు మీది దీపం వెలిగినా మీటరు మిణుకులు పెరగకపోతే ఎలిమెంటుకు కరెంటు అందడం లేదు. మిస్త్రీ రాకముందే ఈ అంకె మీ చేతిలో ఉంటే 'కాయిల్ పోయింది' అన్న మాటకు జవాబు మీ దగ్గరే ఉంటుంది.

వాట్లు సరిగ్గానే ఉండి కుళాయిలో మాత్రం గోరువెచ్చగా వస్తోందా? అప్పుడు చన్నీళ్లు కలుస్తున్నాయి. గీజరుకు నీళ్లు వెళ్లే చోట ఉన్న యాంగిల్ కాక్ పూర్తిగా కట్టేసి వేడినీళ్ల కుళాయి తిప్పండి. రెండు మూడు సెకన్లలో ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, గోడలోని మిక్సరు కుళాయిలో లోపలి వాషరు అరిగి చన్నీళ్లు వేడి గొట్టంలోకి దాటుతున్నాయన్నమాట. గీజరును ఎన్నిసార్లు విప్పినా ఇది బాగుపడదు, మిక్సరు కార్ట్రిడ్జి మార్చాలి. కొత్తగా ఇల్లు మారినవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: గీజరు కింద నీలిరంగు రింగు ఉన్న గొట్టం చన్నీళ్లు లోపలికి వెళ్లేది, ఎర్ర రింగుది వేడినీళ్లు బయటికి వచ్చేది. ప్లంబరు తారుమారు చేస్తే ఒక చెంబు వేడినీళ్లు వచ్చి మిగతావి చల్లగా వస్తాయి. అన్నీ సరిగ్గా ఉంటే 15 లీటర్ల గీజరు 60 డిగ్రీల నీళ్లు, 20 డిగ్రీల చన్నీళ్లతో కలిసి 40 డిగ్రీల స్నానపు నీళ్లు 30 లీటర్లు ఇస్తుంది. అంతకంటే ఎక్కువ కావాలంటే రెండోసారి కాగేదాకా ఆగాలి, అది లోపం కాదు.

ఇప్పుడు ఆర్‌సీసీబీ. ఎంసీబీ పడిపోతే ఎక్కువ కరెంటు లాగుతోందని అర్థం. ఆర్‌సీసీబీ పడిపోతే వెళ్లిన కరెంటు తిరిగి రావడం లేదని, ఎక్కడో నేలకు కారుతోందని అర్థం. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీఆంపియర్లది, 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. దాన్ని తిట్టుకోవద్దు, తీసి పక్కన పెట్టించుకోవద్దు. మీ కుళాయి చిమచిమ ప్రాణం మీదికి రాకుండా ఇన్నాళ్లు ఆపింది బహుశా అదే.

ఎప్పుడు పడుతోందో గమనిస్తే సగం పని అయిపోతుంది. ప్లగ్గు తీసి రెండు రోజులు ఉంచండి. అప్పుడూ పడితే నేరం గీజరుది కాదు, నీళ్ల మోటారో, తడిసిన స్విచ్ బోర్డో చూడాలి. స్విచ్ వేసిన క్షణమే పడితే ఎలిమెంటు లోపలి తీగ దాని గొట్టానికి తగులుతోంది, లేదా కింది మూత లోపల వైరు ఒలిచిన చోట బాడీకి ఆనుతోంది. ఐదు పది నిమిషాలు నడిచాక పడితే ఎలిమెంటు గొట్టంలో సన్నని చీలిక. వేడికి విచ్చుకుని నీళ్లు లోపలికి దిగుతాయి. గీజరు స్విచ్ ఆపి ఉన్నా, ప్లగ్గు ఉంటే చాలు పడిపోతోందంటే న్యూట్రల్ వైపు బాడీకి తగులుతోంది. స్విచ్ న్యూట్రల్‌ను తెంపదు కదా, ఇంట్లో వేరే ఏది వేసినా ఆ కరెంటులో కొంత ఈ దారిన నేలకు పోతుంది. చాలామంది మిస్త్రీలు తికమకపడేది ఇక్కడే.

మీది పొద్దున పూట, అదీ అప్పుడప్పుడు. ఇది చెమ్మ లక్షణం. ఎలిమెంటు గొట్టంలో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వేసవి నుంచి వానాకాలం చివరిదాకా గీజరు వాడకుండా ఉంచి, కార్తీకంలో చలి మొదలవగానే వేస్తే చాలా ఇళ్లలో ఆర్‌సీసీబీ పడేది ఇందుకే. ఎలిమెంటు విప్పి, చివర్లు శుభ్రంగా తుడిచి, మంచి ఎండలో ఒకటి రెండు రోజులు పెడితే కొన్ని మళ్లీ కోలుకుంటాయి. ఎండబెట్టాక కొలిచి చూడటం తప్పనిసరి.

ఎలిమెంటు బాగుందో లేదో చెప్పే అంకెలు రెండే. వైర్లు తీసేసి రెండు టెర్మినళ్ల మధ్య ఓమ్స్ చూస్తే 2000 వాట్లదానికి 25 నుంచి 29 మధ్య రావాలి, మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్లలోని 3000 వాట్లదానికి 17 నుంచి 20. అంకె రాకుండా ఖాళీగా చూపితే తీగ తెగింది. తర్వాత ఒక టెర్మినల్‌కూ బయటి గొట్టానికీ మధ్య చూడాలి. అక్కడ ఏ అంకే రాకూడదు. మల్టీమీటరు బ్యాటరీ కొన్ని వోల్టులతోనే పరీక్షిస్తుంది కాబట్టి చిన్న లీకేజీ దానికి దొరకదు. మిస్త్రీ దగ్గర 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో లీకేజీ చూసే మీటరు) ఉంటే అది పెట్టించండి. ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కంటే తక్కువ వస్తే ఆ ఎలిమెంటును వాడొద్దు. ఈ రెండు అంకెలూ చూపించకుండా మార్చమంటే ఒప్పుకోవద్దు. చూపించి మార్చమంటే వెంటనే మార్చండి.

లీకేజీ ఎక్కడున్నా కుళాయి దాకా వచ్చిందంటే ఎర్తు లేదని కూడా అర్థం. ఎర్తు సరిగ్గా ఉంటే ఆ కరెంటు గీజరు బాడీ నుంచే నేలకు పోయేది. సాకెట్ విప్పి చూడండి. పై పెద్ద రంధ్రానికి పచ్చ వైరు అసలు ఉందా? ఉంటే ఫేజుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజి, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నదానికి దాదాపు సమానంగా రావాలి. 60, 90, 120 అంటూ ఊగుతుంటే ఆ పచ్చ వైరు ఎక్కడా నేలకు చేరలేదు. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు ఉండొచ్చు, పది దాటితే న్యూట్రల్ లూజు అని అనుమానించాలి. రాయగడ, కోరాపుట్ వైపు నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది, వేసవిలో నేల పొడిబారుతుంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గుంతలో మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయాలి. అయినా రాతినేలలో ఎర్తు గొప్పగా రాదు. అందుకే ఇలాంటి ఊళ్లలో ఆర్‌సీసీబీ తప్పనిసరి అంటాను. ఎర్తు నిరోధం వంద ఓమ్‌లు ఉన్నా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోతుంది, ఎంసీబీ మాత్రం పడదు. దాని టెస్టు బటన్ నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూడండి. ఎర్తు దొరకలేదని సాకెట్లో న్యూట్రల్‌నే ఎర్తు పిన్నుకు కలిపేవాళ్లు ఉన్నారు. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున గీజరు బాడీ అంతా ఫేజు అవుతుంది. అద్దె ఇల్లయినా సరే, ఇది ఇంటి ఓనరుతో మాట్లాడి తీయించాల్సిన విషయం.

అసలు కాగకపోవడం మీ సమస్య కాదు గానీ ఇది చదివే వేరేవాళ్లకు కావాలి. చాలా మోడళ్లలో కాగుతున్నప్పుడు వెలిగే దీపం ఎలిమెంటుకు సమాంతరంగా ఉంటుంది. అది వెలుగుతూ నీళ్లు చల్లగా ఉంటే ఎలిమెంటు తెగింది, లేదా దాని టెర్మినల్ స్క్రూ దగ్గర వైరు కాలి ఊడింది. నీళ్లు చల్లగా ఉన్నా అది వెలగకపోతే థర్మోస్టాట్ (పెట్టిన వేడికి రాగానే కరెంటు ఆపేది) గానీ కటౌట్ (నీళ్లు మితిమీరి కాగితే కరెంటు తెంపేది) గానీ తెరుచుకుంది. కింది మూత విప్పితే కటౌట్ మీద చిన్న బటన్ కనిపిస్తుంది, ఎంసీబీ దించాకే నొక్కండి, 'టిక్' మంటుంది. ఒకసారి నొక్కితే పనిచేసి, రెండు మూడు రోజుల్లో మళ్లీ పడితే అది ఊరికే పడటం లేదు. థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి నీళ్లు మరిగిపోతున్నాయి, లేదా గార పట్టి ఎలిమెంటు చుట్టూ వేడి పేరుకుంటోంది. అప్పుడు కొందరు మిస్త్రీలు కటౌట్ తీసేసి 'డైరెక్ట్' కలిపేస్తారు. గీజరు పేలడానికి అదే మొదటి మెట్టు. రెండో మెట్టు, చుక్కలు పడుతున్నాయని కింద వాల్వును మూసేయడం.

మీ వాల్వు చుక్కల సంగతికి ఇలా వచ్చాం. నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు కాగితే నూటికి ఒకటిన్నర పాళ్లు వ్యాకోచిస్తాయి. 15 లీటర్లకు అది పావు లీటరుకు కాస్త తక్కువ. లోపలికి వెళ్లే గొట్టానికి ఉన్న వాల్వు నీళ్లను వెనక్కి పోనివ్వదు, కాబట్టి ఆ పావు లీటరు చుక్కలుగా బయటికి రావాలి, రావడమే మంచిది. కాగుతున్నప్పుడే పడి చల్లారాక ఆగితే ఏమీ చేయొద్దు, ఒక సన్న గొట్టం పెట్టి మోరీలోకి వదలండి. దాని చివర ఎప్పుడూ మూయొద్దు. గీజరు ఆపి ఉన్నా రోజంతా కారుతుంటే వాల్వు లోపల ఇసుక చేరింది, మీట రెండు మూడుసార్లు ఎత్తి దించితే కొట్టుకుపోవచ్చు. పోకపోతే కొత్తది వేయాలి. గీజరు మీద ఎన్ని బార్ ప్రెషర్ రాసి ఉందో అదే బార్ వాల్వు కొనాలి, ఎక్కువది వేస్తే ట్యాంకు తట్టుకోలేదు. చన్నీళ్ల కుళాయిలో వేడినీళ్లు వస్తుంటే కూడా ఈ వాల్వే పోయింది. దీన్ని వదిలేస్తే మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయిన రోజున గీజరు నీళ్లు వెనక్కి జారి, ఎలిమెంటు గాలిలో ఎర్రగా కాలిపోతుంది.

నీళ్లు ఊరును బట్టి గీజరును తినేస్తాయి. చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ జిల్లాల బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. అక్కడి ఎలిమెంట్లకు సున్నపు గార గట్టిపడుతుంది, కాగేటప్పుడు గీజరు టపటపమంటుంది. ఒడిశా వైపు చాలా బోర్లలో ఇనుము ఎక్కువ, బకెట్ అంచున ఎర్రటి చార కట్టేది అదే. ట్యాంకు అడుగున అది బురదలా చేరుతుంది. గోపాలపూర్, ఛత్రపురం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పదనం వల్ల మెగ్నీషియం యానోడ్ కడ్డీ తొందరగా కరిగిపోతుంది. ఆ కడ్డీ ట్యాంకు బదులు తాను తుప్పు పట్టడానికే ఉంది. అది అయిపోయాక ట్యాంకు వంతు వస్తుంది. ఏడాదికోసారి విప్పి చూడాలి, సగం లావుకు తగ్గితే మార్చాలి. ఉప్పునీళ్ల ఊళ్లలో, కఠిన జలాల ఊళ్లలో ఇంకా ముందే చూడాలి. మిగతా గీజరంతా బాగుండి ట్యాంకు చిల్లుపడి పారేసేవాళ్లలో చాలామంది ఆ కడ్డీని ఒక్కసారి కూడా చూడనివాళ్లే. దాని ధర కొత్త గీజరు ధరలో ఎన్నో వంతో లెక్కేసుకోండి. వేడినీళ్లకు మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే, బోరు నీళ్లలోని ఒకరకం సూక్ష్మజీవులు ఈ కడ్డీతో కలిసి చేసే పని అది. రెండు మూడు రోజులు థర్మోస్టాట్ గరిష్ఠంలో పెట్టి కాచి, ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. మళ్లీ వస్తే అల్యూమినియం-జింక్ కడ్డీ వేయాలి. మామూలు రోజుల్లో 55 నుంచి 60 డిగ్రీలే ఉంచండి. అంత వేడి నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి, పిల్లలకు చన్నీళ్లు ముందు పట్టి, వేడివి తర్వాత కలపాలి.

గార తీయడం మిస్త్రీ పక్కన ఉండి చేయించుకోండి. ఎంసీబీ దించి, ప్లగ్గు తీసి, రెండు గంటలు చల్లారనివ్వాలి. యాంగిల్ కాక్ కట్టేసి, వేడి కుళాయి తెరిచి, వాల్వు మీట ఎత్తి ట్యాంకు ఖాళీ చేయాలి. కింది మూత తీశాక ఏ రంగు వైరు ఎక్కడుందో ఫోనులో ఫోటో తీయండి, తర్వాత గొడవ ఉండదు. నట్లు విప్పేటప్పుడు అడుగున ఒక బకెట్ తప్పక పెట్టాలి, లీటరు రెండు లీటర్లు మిగిలే ఉంటాయి. లీటరు గోరువెచ్చని నీళ్లకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, టెర్మినళ్లు తడవకుండా ఎలిమెంటును గంట, రెండు గంటలు నానబెట్టాలి. నురగ ఆగాక ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్ది కడగాలి. సుత్తితో కొట్టి గార రాల్చితే గొట్టం చీలుతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ అసలు వద్దు, అది గార కంటే ముందు గొట్టం పూతను, ట్యాంకు లోపలి ఎనామిల్‌ను తింటుంది. బిగించేటప్పుడు కొత్త రబ్బరు గాస్కెట్ వేయాలి, పాతది ఎంత బాగున్నట్టు కనిపించినా సరే. నట్లు ఒకవైపు నుంచి వరసగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తే మూత సమానంగా కూర్చుంటుంది.

మూత అంచున కారితే గాస్కెట్ మారిస్తే సరిపోతుంది. ట్యాంకు చుట్టూ ఉన్న ఫోమ్‌లోంచి ఎర్రటి నీళ్లు కారితే ట్యాంకు చిల్లు పడింది. వెల్డింగ్ చేస్తామనేవాళ్లకు ఇవ్వొద్దు. ఆ మంటకు లోపలి గాజుపూత ఇంకో జానెడు చుట్టూ ఊడిపోయి నెలల్లో పక్కనే మళ్లీ చిల్లు పడుతుంది. వారంటీ కార్డు తీసి చూడండి, ట్యాంకుకు ఎలిమెంటు కంటే ఎక్కువ ఏళ్లు ఉంటుంది.

కొత్త గీజరు కొనాల్సి వస్తే మన వైపు డిజిటల్ తెరలు, రిమోట్లు ఉన్నవి కొనొద్దు. పిడుగులకు, వోల్టేజి ఎగుడుదిగుళ్లకు ముందు పోయేది ఆ సర్క్యూట్ బోర్డే, దాన్ని బాగుచేసేవాళ్లు దగ్గర్లో దొరకరు. తిప్పే థర్మోస్టాట్ ఉన్నది, ఐఎస్ 2082 గుర్తున్నది చాలు.

విడిభాగాల కోసం రాయగడ నుంచి విజయనగరమో విశాఖో రైలెక్కేవాళ్లు, సిరొంచ నుంచి గోదావరి దాటి వచ్చేవాళ్లు ఒట్టి చేతులతో వెళ్తే మళ్లీ వెళ్లాల్సి వస్తుంది. పాత ఎలిమెంటునే సంచిలో వేసుకెళ్లండి. లేదంటే వాట్లు, పొడవు, ఫ్లాంజి బోల్టు రంధ్రాలు ఎన్ని, యానోడ్ మర లావు ఎన్ని మిల్లీమీటర్లు, ఇవి కాగితం మీద రాసుకుని, గీజరు మీది లేబుల్ ఫోటో తీసుకెళ్లండి. ఎలిమెంటు మీద ఐఎస్ 4159 ఉందో లేదో చూసి, దాంతోపాటు గాస్కెట్, యానోడ్ కడ్డీ కూడా కొనండి, మూడూ ఒకసారి మూత తీసినప్పుడే మారతాయి. కొన్నాక దుకాణంలోనే మీటరు పెట్టి ఓమ్స్ చూపించమనండి.

బిగించాక ముందు కరెంటు కాదు, నీళ్లు. యాంగిల్ కాక్ తెరిచి, వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచండి. గాలి బుస్సుమని పోయి ధార తెగకుండా వచ్చేదాకా ఆగండి. పదిహేను నిమిషాలు మూత అంచున చెయ్యి తిప్పి తడి లేదని చూసుకుని, వైర్లు బిగించి, మూత వేసి, అప్పుడు ఎంసీబీ ఎత్తండి. మొదటిసారి కాగుతున్నంతసేపు ఎవరూ స్నానాల గదిలోకి వెళ్లకూడదు. మిస్త్రీ వెళ్లేలోపే కుళాయికీ ఎర్తుకూ మధ్య వోల్టేజి కొలిపించి, సున్నా చూశాకే డబ్బులివ్వండి.